ఫోర్‌క్యాట్, జేస్ఖౌమర్: వాతావరణ ఉద్యమాల డిజిటల్ అధ్యయనానికి ఈ పనిముట్లు ఎంతవరకు పనికొస్తాయి?

వాతావరణ ఉద్యమాలు సామాజిక మాధ్యమాల్లో ఎలా నడుస్తున్నాయో అధ్యయనం చేయదలచిన వారిలో చాలామంది ఇప్పుడు సిద్ధాంతం దాకా వెళ్లకముందే, అసలు పోస్టులు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న దగ్గరే ఆగిపోతున్నారు. ఈ ఇబ్బంది మొదటి నుంచీ ఇంతగా లేదు. ట్విటర్ 2021 జనవరిలో విశ్వవిద్యాలయ పరిశోధకుల కోసం ప్రత్యేకంగా ఒక ఏపీఐని (ప్రోగ్రాముల ద్వారా డేటా తీసుకునే దారిని) తెరిచి, నెలకు కోటి ట్వీట్ల వరకు, అదీ పాత ట్వీట్లతో సహా, ఉచితంగా ఇచ్చింది. 2014 నాటి లిమా ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు (కాప్ 20) నుంచి 2021 నాటి గ్లాస్గో కాప్ 26 వరకు ట్విటర్‌లో వాతావరణ చర్చ ఎలా చీలిపోతూ వచ్చిందో కొలిచి, గ్లాస్గో నాటికి ఆ చీలిక ఒక్కసారిగా పెరిగిందని తేల్చిన పరిశోధన 2022లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చింది. పాత ట్వీట్లు అంత విరివిగా అందిన రోజుల్లోనే అలాంటి పని సాధ్యమైంది. 2023లో ట్విటర్ ఉచిత ఏపీఐని ఎత్తివేసింది. అదే ఏడాది రెడిట్ తన ఏపీఐకి వెల కట్టి, పాత పోస్టులను పోగుచేసి పెట్టే పుష్‌షిఫ్ట్‌కు తలుపులు మూసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పబ్లిక్ పేజీలను గమనించడానికి పరిశోధకులూ విలేకరులూ ఏళ్ల తరబడి వాడుకున్న క్రౌడ్‌ట్యాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. దాని స్థానంలో తెచ్చిన కంటెంట్ లైబ్రరీని వాడుకోవాలంటే ముందు దరఖాస్తు పెట్టుకుని అనుమతి కోసం ఎదురుచూడాలి.

ఈ పరిస్థితిలో, వేదికల అనుమతి కోసం ఎదురుచూడకుండా, డబ్బు కట్టకుండా వాడుకోదగిన పనిముట్లుగా పరిశోధకుల మధ్య ఎక్కువగా వినిపిస్తున్న పేర్లు రెండు. ఒకటి పోస్టులను విశ్లేషించే ఫోర్‌క్యాట్, రెండోది దానికి తోడుగా పోస్టులను పోగుచేసే జేస్ఖౌమర్. రెండూ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని డిజిటల్ మెథడ్స్ ఇనిషియేటివ్ పరిధిలో పుట్టినవే. ఫోర్‌క్యాట్‌ను రూపొందించిన స్టైన్ పేటర్స్, సాల్ హాగెన్ 2022లో దాని పనితీరును వివరిస్తూ ఒక పరిశోధన పత్రం కూడా ప్రచురించారు. రెండూ ఓపెన్ సోర్స్ కాబట్టి లోపల ఏ లెక్క ఎలా జరుగుతోందో చదివి చూసుకోవచ్చు. కంపెనీలు అమ్మే విశ్లేషణ డ్యాష్‌బోర్డుల్లో దొరకని సౌకర్యం ఇది. ఈ సమీక్ష ఆ రెండింటినీ అన్ని రకాల పరిశోధనలకూ కలిపి తూచదు. పర్యావరణ, వాతావరణ ఉద్యమాల అధ్యయనానికి అవి ఎంతవరకు పనికొస్తాయన్న ఒక్క ప్రశ్నకే పరిమితమవుతుంది.

జేస్ఖౌమర్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే ఒక ఎక్స్‌టెన్షన్. దాని మీట నొక్కితే టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ (పూర్వపు ట్విటర్), లింక్డిన్ వంటి వేదికల పేర్లు ఒక పట్టికలో కనిపిస్తాయి. కావలసినదాన్ని ఆన్ చేసి, ఆ వేదికలో మామూలుగా వెతుకుతూ, స్క్రోల్ చేస్తూ పోవడమే మనం చేయవలసిన పని. వేదిక మన బ్రౌజర్‌కు పంపే సమాచారాన్ని ఎక్స్‌టెన్షన్ పక్కనుంచి పట్టుకుని దాచుకుంటుంది. పేరు పక్కనున్న అంకె పెరుగుతూ ఉంటుంది. ఒక హ్యాష్‌ట్యాగ్ పేజీని ఓపికగా కిందికి లాగుతూ పోతే, తెరమీద కనిపించిన ప్రతి పోస్టుకూ తేదీ, రాసినవారి అకౌంటు, వాక్యాలు, హ్యాష్‌ట్యాగ్‌లు, లైకుల సంఖ్య, బొమ్మ లేదా వీడియో లింకు ఒక్కో వరుసగా చేరతాయి. పోగైనదాన్ని ఫైలుగా దించుకోవచ్చు, లేదా నేరుగా ఫోర్‌క్యాట్ సర్వర్‌కు పంపవచ్చు. కోడ్ రాయడం రాని వారు కూడా ఈ పని చేయగలరు. సామాజిక శాస్త్ర విభాగాల్లో ఈ జంటకు దక్కిన ఆదరణకు ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఈ సౌలభ్యంలోనే అతి పెద్ద చిక్కు ఉంది. స్క్రోల్ చేసి పోగుచేసిన పోస్టులు ఆ వేదిక అల్గారిదమ్ మనకు వడ్డించినవి. ఏ అకౌంటుతో లాగిన్ అయ్యాం, అంతకుముందు ఏం చూశాం, ఏ దేశం నుంచి, ఏ సమయంలో వెతికాం అన్నవన్నీ కలిసి వాటిని నిర్ణయిస్తాయి. అలాంటి ఐదు వేల పోస్టులు చేతిలో పెట్టుకుని వాతావరణ ఉద్యమంలో ఫలానా అంశానికే ప్రాధాన్యం ఎక్కువని ప్రకటించడం, కిటికీలోంచి వీధిని చూసి ఊరి జనాభా లెక్క రాయడం లాంటిది. ఏపీఐ రోజుల్లో కూడా నమూనా ఎప్పుడూ నిష్కళంకంగా లేదు, కానీ ఒకే ప్రశ్న వేసిన ఇద్దరు పరిశోధకులకు దాదాపు ఒకే జవాబు వచ్చేది. ఇప్పుడు ఆ హామీ లేదు. జేస్ఖౌమర్ ఈ సంగతిని దాచిపెట్టదు: కనిపించినదాన్నే నమోదు చేస్తానని అది చెప్పుకుంటుంది, చేసేదీ అదే. దాని ఫలితాన్ని ఉద్యమ స్వరూపంగా చిత్రించే పొరపాటు మాత్రం వాడేవారిది. సేకరణకు ప్రత్యేకంగా కొత్త అకౌంటు తెరిచి, వెతికిన మాటలను, తేదీలను, ఎంత దూరం స్క్రోల్ చేశారన్నదాన్ని రాసిపెట్టుకుని, అదే వెతుకులాటను వేర్వేరు రోజుల్లో, వేర్వేరు అకౌంట్లతో మళ్లీ చేసి పోల్చి చూస్తే ఫీడ్ ఎంత మారుతోందో తెలుస్తుంది. ఆ మార్పే కొన్ని పరిశోధనలకు అసలు విషయం కూడా కావచ్చు.

సేకరణ అయ్యాక ఫోర్‌క్యాట్ పని మొదలవుతుంది. ఒక డేటాసెట్‌ను తెరిస్తే కింద విశ్లేషణల జాబితా ఉంటుంది. ఒకదాని ఫలితం మీద మరొకటి నడిపించుకుంటూ వెళ్లవచ్చు. ఏ మెట్టులో ఏ ఎంపికలు చేశామో ఆ గొలుసులోనే నమోదై ఉండడం వల్ల, ఆరు నెలల తరువాత సమీక్షకులు ఆ పటం ఎలా వచ్చిందని అడిగినా చూసి చెప్పగలుగుతాం. పోస్టులను నెలవారీగా లెక్కపెట్టడం, తరచుగా వచ్చే మాటలను వేరుచేయడం వంటివి ఎలాగూ ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉద్యమాల అధ్యయనానికి అన్నిటికంటే ఉపయోగపడేది సహ హ్యాష్‌ట్యాగ్‌ల నెట్‌వర్క్.

దాని సూత్రం తేలికైనదే. ఒకే పోస్టులో కలిసి వచ్చిన రెండు హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య ఒక గీత గీస్తారు. ఎన్ని పోస్టుల్లో అవి కలిసి వస్తే ఆ గీత అంత బలపడుతుంది. ఫలితాన్ని గెఫీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఫోర్స్ అట్లాస్ 2 అమరికను నడిపితే దగ్గరి ట్యాగ్‌లు ఒకచోటికి, దూరపువి మరోచోటికి జరుగుతాయి. మొదటిసారి చూసేవారిని ఈ పటం ఆకట్టుకుంటుంది, తప్పుదారి కూడా పట్టిస్తుంది. పాఠశాల విద్యార్థుల వాతావరణ సమ్మెల ఉద్యమం పేరైన ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ అన్న ట్యాగ్‌తో వెతికి తెచ్చిన పోస్టులన్నిటిలోనూ ఆ ట్యాగ్ ఉండి తీరుతుంది కాబట్టి, అది పటం నడిబొడ్డున పెద్ద చుక్కగా కూర్చుని ప్రతి ట్యాగ్‌నూ తనవైపు లాగుతుంది. అది మన వెతుకులాట మిగిల్చిన ముద్ర. ఉద్యమ కేంద్రానికీ దానికీ సంబంధం లేదు. టిక్‌టాక్‌లోనైతే దానికి తోడు ఎఫ్‌వైపీ, ఫర్ యూ వంటి ట్యాగ్‌లు ఉంటాయి. వీడియో ఎక్కువ మందికి చేరుతుందన్న ఆశతో వంటల వీడియోకైనా, వరదల వీడియోకైనా వాటిని తగిలిస్తారు. వెతికిన ట్యాగ్‌నూ, ఇలాంటి సర్వాంతర్యామి ట్యాగ్‌లనూ తీసేసి అమరికను మళ్లీ నడిపితే, అంతవరకు ఒకే ముద్దగా కనిపించినది విడివిడి గుంపులుగా తేలడానికి వీలవుతుంది: శాకాహార ప్రచారం ఒకవైపు, బొగ్గు గనుల వ్యతిరేకత మరోవైపు, పాఠశాల సమ్మెలు ఇంకోవైపు. ఏ ట్యాగ్‌లు తీసేశారో వ్యాసంలో రాయకుండా పటం ఒక్కటే అచ్చువేసే వారిని ఈ రంగంలో తరచుగా చూస్తాం. అలాంటి పటాన్ని అందమైన బొమ్మగా చూసి పక్కన పెట్టడమే మంచిది.

హ్యాష్‌ట్యాగ్‌నే పట్టుకుని నడిచే పద్ధతికి ఈ రంగంలో పాత చరిత్ర ఉంది. 2009 కోపెన్‌హేగన్ సదస్సు చుట్టూ జరిగిన వాతావరణ నిరసనల ట్విటర్ ప్రవాహాలను తీసుకుని అలెగ్జాండ్రా సెగర్‌బర్గ్, లాన్స్ బెన్నెట్ 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ట్విటర్‌ను ఒంటరిగా విడదీసి చూడకుండా, ఆ నిరసనలో పాలుపంచుకున్న సంస్థలు, వెబ్‌సైట్లు, ఇతర మాధ్యమాలతో కలిపి చూడాలన్నది వారి వాదనలో ముఖ్యమైన భాగం. విచిత్రమేమిటంటే, ఆ తరువాత వచ్చిన పనిముట్లు ఒక్కొక్క వేదికను వేరుగా తవ్వుకోవడాన్నే సులభం చేశాయి. ఫోర్‌క్యాట్ ఎన్నో వేదికల డేటాను ఒకే రూపంలోకి తెచ్చుకోగలదు కాబట్టి ఈ లోటును కొంత పూడ్చగలదు, కానీ ఇన్‌స్టాగ్రామ్ లైకునూ టిక్‌టాక్ లైకునూ ఒకే కాలమ్‌లో చూసినంత మాత్రాన రెండూ ఒకే విలువ గలవైపోవు.

బొమ్మల విశ్లేషణ విషయంలో ఫోర్‌క్యాట్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవచ్చు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల వీధి నిరసనలు ఆగిపోయినప్పుడు, పాఠశాల సమ్మెల ఉద్యమం ఇంటి నుంచే అట్టముక్కల మీద నినాదాలు రాసి ఫొటోలు పెట్టే పద్ధతికి మారింది. ఆ ఏడాది ఏప్రిల్ 24న ప్రపంచవ్యాప్త ఆన్‌లైన్ సమ్మె కూడా జరిగింది. ఇలాంటి ఉద్యమంలో మాటల లెక్క ఒక్కటే చూస్తే సగం విషయం జారిపోతుంది, ఎందుకంటే నినాదం పోస్టు వాక్యాల్లో ఉండదు, ఫొటోలోని అట్ట మీద ఉంటుంది. ఫోర్‌క్యాట్ ఆ ఫొటోలను దించి, రంగును బట్టి లేదా ఇతర లక్షణాలను బట్టి ఒకే గోడ మీద పేర్చి చూపుతుంది. భూగోళం బొమ్మల నీలం, మంటల ఎరుపు, చేతిరాత అట్టల గోధుమ రంగు పక్కపక్కన చేరినప్పుడు, ఒకే పోస్టర్ ఎన్ని అకౌంట్లలో తిరిగిందో, ఎవరు సొంతంగా గీసుకున్నారో కంటికి తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే బొమ్మల, వీడియోల లింకులు కొద్ది కాలానికే చెల్లకుండా పోతాయి. పోస్టులు పోగుచేసి, తీరిక దొరికాక ఫొటోలు దించుకుందామనుకుంటే ఖాళీ గడులే మిగులుతాయి. సేకరించిన వెంటనే దించుకోవాలి.

లైకులను బట్టి, షేర్లను బట్టి పేర్చిన జాబితాలకు మరీ విలువ ఇవ్వకూడదు. 2020 జనవరిలో దావోస్‌లో తీసిన ఒక బృంద ఫొటో నుంచి ఉగాండా ఉద్యమకారిణి వెనెస్సా నకాటేను ఒక వార్తా సంస్థ కత్తిరించి ప్రచురించింది. ఆమె దానిని సామాజిక మాధ్యమాల్లోనే ప్రశ్నించారు, ఆ తరువాతే చర్చ మొదలైంది. ఎవరు కనిపిస్తారు, ఎవరు చట్రం బయట మిగులుతారన్నది ఈ ఉద్యమంలో రాజకీయ ప్రశ్న. ఎక్కువ స్పందన వచ్చిన వంద పోస్టులను మాత్రమే తీసుకుని విశ్లేషించే పరిశోధన, తెలియకుండానే ఆ కత్తిరింపును మళ్లీ చేస్తుంది. ఫోర్‌క్యాట్‌లో యాదృచ్ఛిక నమూనా తీసుకునే వీలుంది. తక్కువ స్పందన వచ్చిన పోస్టుల నుంచి కొన్నిటిని అలా ఏరి చేతితో చదివితే, స్పందనల జాబితాలో ఎన్నడూ పైకి రాని స్థానిక పోరాటాలు, చిన్న భాషల్లో రాసేవారు ఎదురవుతారు.

భాషల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. వాక్యాన్ని పదాలుగా విడగొట్టడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్కువమంది వాడే సాధారణ సూత్రం, భారతీయ లిపుల్లోని గుణింత గుర్తులను అక్షరాలుగా గుర్తించదు. దానివల్ల తెలుగు, హిందీ వంటి భాషల మాటలు మధ్యలో తెగి ముక్కలవుతాయి, తరచుగా వచ్చే పదాల పట్టికలో అర్థంలేని తునకలు చేరతాయి. ఏ పనిముట్టుతో చేసినా, ముందుగా పది వాక్యాలు ఇచ్చి ఫలితం చూసుకున్నాకే పెద్ద డేటాసెట్ మీద నడపాలి. ఇంగ్లీషు ట్యాగ్‌ల మీదే ఆధారపడితే ఈ ఇబ్బంది కనిపించదు. వాతావరణ ఉద్యమాలపై వచ్చే డిజిటల్ పరిశోధన ఇంగ్లీషు పోస్టుల చుట్టూనే తిరగడానికి ఇది చిన్నదే అయినా ఒక కారణం కావచ్చునని నా అనుమానం.

గోప్యత విషయంలో ఫోర్‌క్యాట్ ఇచ్చే సదుపాయం మంచిదే. డేటాసెట్ తయారుచేసేటప్పుడే రాసినవారి పేర్లను తీసేయమని, లేదా వాటి స్థానంలో గుర్తుపట్టలేని సంకేతాలు పెట్టమని అడగవచ్చు. కానీ పేరు మార్చినంత మాత్రాన మనిషి మరుగున పడడు. పోస్టులోని వాక్యాన్ని యథాతథంగా వ్యాసంలో ఉటంకిస్తే, ఎవరైనా దాన్ని వెతికి మూల అకౌంటును క్షణాల్లో పట్టుకుంటారు. పాఠశాల సమ్మెల్లో పాల్గొన్నవారిలో చాలామంది మైనర్లు. పైగా కొన్ని దేశాల్లో ఆన్‌లైన్ పర్యావరణ ప్రచారం పోలీసు కేసుల దాకా వెళ్లింది. భారతదేశంలో 2020 జులైలో, పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాకు వ్యతిరేకంగా ఈమెయిళ్ల ప్రచారం నడిచినప్పుడు ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా వెబ్‌సైటును అడ్డుకున్నారు. 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమానికి సంబంధించిన ఒక ఆన్‌లైన్ టూల్‌కిట్ పత్రం విషయంలో వాతావరణ ఉద్యమకారిణి దిశా రవిని అరెస్టు చేశారు. పది రోజుల తరువాత ఢిల్లీ కోర్టు ఆమెకు బెయిలు ఇచ్చింది. ఎవరు ఎవరితో కలిసి ఏ పత్రం పంచుకున్నారో చూపే నెట్‌వర్క్ పటం పరిశోధకుడికి ఒక ఆధారం, దర్యాప్తు సంస్థకు మరో రకమైన ఆధారం. కాబట్టి అకౌంట్ల మధ్య సంబంధాల పటాలను పేర్లతో ప్రచురించకపోవడం, ఉటంకింపులను భావం చెడకుండా మార్చి రాయడం, డేటాసెట్ గడువును ముందే నిర్ణయించి చెరిపేయడం ఈ రంగంలో కనీస మర్యాదలు. గడువు పెట్టుకునే వీలు ఫోర్‌క్యాట్‌లోనే ఉంది, వాడుకోవాలి.

చట్టం వైపు నుంచి కూడా నేల గట్టిగా లేదు. వేదికల నిబంధనలు చాలావరకు ఇలాంటి సేకరణను ఒప్పుకోవు. ద్వేష ప్రచారంపై పరిశోధన చేసే సెంటర్ ఫర్ కౌంటరింగ్ డిజిటల్ హేట్ అనే సంస్థపై ఎక్స్ కంపెనీ 2023లో కేసు వేసింది. అమెరికా జిల్లా న్యాయస్థానం 2024 మార్చిలో దాన్ని కొట్టివేసింది. యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 40వ అధికరణం పెద్ద వేదికలు పరిశోధకులకు డేటా ఇవ్వాలని నిర్దేశిస్తోంది. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు ముందు ఆ దారిలో ప్రయత్నించి, అది తెరుచుకోనప్పుడు బ్రౌజర్ సేకరణకు రావడం మేలు. ఏ దేశంలో ఉన్నా తమ సంస్థ నైతిక సమీక్ష సంఘం అనుమతి తీసుకున్న తరువాతే ఎక్స్‌టెన్షన్‌ను ఆన్ చేయాలి.

ఈ జంటతో బొత్తిగా చేయలేని పని ఒకటుంది. నిరసన ఏ రోజు, ఏ కూడలిలో, ఎవరు ఏ బాధ్యత తీసుకోవాలన్న నిర్ణయాలు వాట్సాప్, సిగ్నల్, డిస్కార్డ్ వంటి చోట్ల, మూసిన గుంపుల్లో జరుగుతాయి. బహిరంగ హ్యాష్‌ట్యాగ్ ఆ పని అంతా అయ్యాక బయటికి కనిపించే ముఖం. 2019 సెప్టెంబర్ సమ్మెల వారంలో లక్షల మంది వీధుల్లోకి ఎలా వచ్చారన్న ప్రశ్నకు ట్యాగ్‌ల పటం జవాబు చెప్పదు. నిర్వాహకులతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది. ఇలాంటి ప్రశ్నలతో వచ్చే పరిశోధకులకు ఈ పనిముట్లను నేను సిఫారసు చేయను. ప్రచార సామగ్రి రూపం, నినాదాల భాష, ఒక వేదిక నుంచి మరో వేదికకు బొమ్మలు ప్రయాణించే తీరు, వాతావరణ మార్పును నిరాకరించేవారు అవే ట్యాగ్‌లను ఎలా ఆక్రమించుకుంటారన్నది వంటి ప్రశ్నలకైతే ఉచితంగా దొరికేవాటిలో ఇంతకంటే మెరుగైనవి నా దృష్టిలో లేవు.

ఇక ఏర్పాటు సంగతి. జేస్ఖౌమర్ నిమిషాల్లో ఎక్కుతుంది. ఫోర్‌క్యాట్‌ను సొంత కంప్యూటర్‌లో డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావలసినవాటన్నిటితో కలిపి నడిపించే పనిముట్టు) ద్వారా పెట్టుకోవచ్చు గానీ, సర్వర్లతో పరిచయం లేనివారికి మొదటిసారి ఎవరైనా పక్కనుండి సాయం చేయాలి. విభాగం మొత్తానికి ఒకే సర్వర్ పెట్టి, నిర్వహణ ఒకరికి అప్పగించడం మేలైన పద్ధతి. వీడియోలు దించడం మొదలుపెడితే డిస్కు త్వరగా నిండుతుంది. ప్రపంచ డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్ అవర్ల విద్యుత్తు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. వాతావరణ పరిశోధన పేరుతో ఎవరూ చూడని వీడియోలను దాచిపెట్టుకోవడానికి ముందు ఆ అంకెను ఒకసారి తలచుకోవచ్చు. వేదికలు తమ లోపలి డేటా అమరికను చెప్పాపెట్టకుండా మార్చినప్పుడు ఎక్స్‌టెన్షన్ ఆ వేదిక వరకు పనిచేయడం మానేస్తుంది, చిన్న బృందం దాన్ని సరిచేసేదాకా ఆగాలి. అందుచేత రెండేళ్ల ప్రాజెక్టును పూర్తిగా దీని మీదే కట్టుకోకుండా, సేకరణ పనిని మొదటి నెలల్లోనే పూర్తిచేసుకుని, వాడిన వెర్షన్ సంఖ్యనూ సేకరించిన తేదీలనూ పద్ధతుల విభాగంలో తప్పక రాయాలి.